ఈ నెల ఎవరి వంతు

ధనరాజ్ గారి సంతకం చూడ్డానికి భలే ఉంటుంది. మొదటి అక్షరం దగ్గర బయల్దేరిన గీత చెక్కు చివరిదాకా పోయి, అక్కడ ఓ మెలిక తిరిగి వెనక్కొచ్చి, కింద రెండు చుక్కలు పెట్టుకుని కూర్చుంటుంది. అంత ముచ్చటైన సంతకం ఉన్న కాగితం బ్యాంకుకి వెళ్లి ఉత్తచేతుల్తో తిరిగొస్తుందని ఎవరనుకుంటారు? ఆయన బెల్లం పొడి కంపెనీలో పనిచేసే ఆడవాళ్లూ మొదట్లో అనుకోలేదు. ఇప్పుడు చెక్కు చేతిలో పడితే సంతకం వైపు చూసేవాళ్లే లేరు.

శుక్రవారం మధ్యాహ్నం పద్మకుమారి సీలింగు మిషను ముందు నిలబడి ఉంది. పేరుకి సూపర్‌వైజరు గానీ అది కూర్చునే ఉద్యోగం కాదు. అప్పలకొండమ్మ అరకేజీ పొడి తూచి ప్యాకెట్టు ఇటు తోస్తే, పద్మ దాని మూతి రెండు వేళ్లతో సాపు చేసి వేడి పట్టీల మధ్య నుంచి నడిపిస్తుంది. అటుపక్క అప్పలనర్సమ్మ అందుకుని అట్టపెట్టెలో పేరుస్తుంది. సుప్రియ పెట్టె మీద లేబులు అంటిస్తుంది. బెల్లం పొడికి గాలి తగిలితే చెమ్మ పట్టి గడ్డకడుతుంది. అందుకని చెయ్యి ఆగడానికి లేదు. పొడి లేస్తుందని ఫ్యాన్లు వెయ్యరు. రేకుల షెడ్డు, తలకి టోపీ, మూతికి గుడ్డ, చేతులకి తొడుగులు. సాయంత్రం ఇంటికెళ్లి ఎంత రుద్దుకున్నా ఒంటి మీద బెల్లం వాసన పోదు. "నీ పక్కన పడుకుంటే నాకూ సీమలు పట్టేత్తాయే," అని మొగుడు సూరిబాబు వేళాకోళం చేస్తుంటాడు.

"పద్మా, ఓసారిలా రా," అని గాజు గదిలోంచి ధనరాజ్ పిలిచాడు.

పద్మ మిషను ఆపి, తొడుగులు విప్పి వెళ్లింది. గదిలో ఏసీ చల్లగా ఉంది. ధనరాజ్ బల్ల మీద చెక్కులన్నీ ఓ రబ్బరు బ్యాండుతో కట్ట కట్టి ఉన్నాయి. జీతాలు చెక్కుల మీదే ఇస్తున్నట్టు లోను ఇచ్చిన బ్యాంకుకి చూపించాలని ఆయన ఈ పద్ధతి పెట్టాడు. ఆ కట్ట ఎప్పుడూ పద్మ చేతికే ఇస్తాడు, పద్మ పంచుతుంది.

"ఈ నెల నీదే కదూ వంతు?" అన్నాడు, ఫోను చూసుకుంటూ.

పద్మకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. "ఏటండీ?"

"అదే, మీ చెక్కుల వంతు. నీతో పాటు ఇంకొకళ్లెవరు?"

"అప్పలనర్సమ్మండి." నోటికొచ్చేసింది.

ధనరాజ్ కట్టలోంచి రెండు చెక్కులు వెతికి పట్టుకుని, అంకెలు కాలిక్యులేటర్లో కొట్టుకున్నాడు. "సరే, ఖాతాలో ఇంత వేసి ఉంచుతాను. సోమవారం వేసుకోండి. డోకా లేదు."

ఈ వంతుల సంగతి తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. ధనరాజ్ ఖాతాలో ఎప్పుడూ ఇద్దరి జీతానికి మించి ఉండదు. తొమ్మిదిమందీ ఒకేసారి చెక్కులు వేస్తే ముందు వెళ్లినవాళ్లవి పాసవుతాయి, మిగతావి వెనక్కొస్తాయి. వెనక్కొచ్చిన చెక్కుకి బ్యాంకువాడు ఇచ్చినవాడి ఖాతాలోనే కాదు, వేసినవాళ్ల ఖాతాలోనూ జరిమానా కోస్తాడు. అది చూసి నేను ముందంటే నేను ముందని పొద్దున్నే బ్యాంకు గుమ్మం దగ్గర తోసుకున్నారు, నోటికొచ్చినట్టు తిట్టుకున్నారు, జుట్లు పట్టుకునేదాకా వెళ్లారు. అప్పుడు పద్మ ఈ ఉపాయం చెప్పింది. మునగపాకలో ఆమె తండ్రి చెరుకు వేసేవాడు. కాలవలో నీళ్లు చాలని ఏడాది రైతులు వంతులు వేసుకుని, ఒకరి మడి తడిసేదాకా ఇంకొకరు గట్టు మీద కాచుకునేవాళ్లు. మనమూ అలాగే చేద్దామంది. నెలకి ఇద్దరు చెక్కు వేస్తారు, మిగతావాళ్లు తమది దేవుడి పటం వెనక దాచుకుంటారు. వంతు వచ్చేదాకా ధనరాజ్ అప్పుడప్పుడూ చేతిలో పెట్టే అయిదొందలూ వెయ్యీతో నెట్టుకొస్తారు. కొట్లాటలు పోయాయి. ఆ ఉపాయం తనదైనందుకు పద్మకి లోపల కాస్త గర్వంగానే ఉండేది.

"మీకెవరు సెప్పేరండీ?" అనడిగింది.

"చెప్పేదేముంది? చూస్తున్నా కదా, నెలకి రెండే వస్తున్నాయి, పోట్లాటలు లేవు. మంచి పద్ధతి పెట్టావు పద్మా. నాకు ప్రాణం హాయిగా ఉంది. ఎవరి ఏడుపూ వినక్కర్లేదు, ఎవరికీ సర్దిచెప్పక్కర్లేదు. మన ఆడవాళ్లు బంగారం." ధనరాజ్ నవ్వాడు. "నువ్వు లేకపోతే పాయకరావుపేటలో ఆ రెండో షెడ్డు లేచేదే కాదు, తెలుసా?"

ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు. పద్మ చెక్కులు పట్టుకుని బయటికొచ్చింది. మిషను దగ్గర నిలబడి ఓ ప్యాకెట్టు పట్టీల్లోకి పెట్టి, తియ్యడం మర్చిపోయింది. ప్లాస్టిక్ కాలిన కంపు కొట్టేదాకా తెలియలేదు. అప్పలకొండమ్మ ఆ మాడిన మూతి ప్యాకెట్టుని పద్మ చేతిలోంచి లాక్కుని, పొడి మళ్లీ డబ్బాలో ఒంపుతూ, "ఏటే అలాగున్నావు? ఈ నెల నీ వంతే కదే, నవ్వుమొగం పెట్టవేటి?" అంది.

సాయంత్రం ఆరు దాటాక సూరిబాబు గేటు దగ్గర ఆటోతో నిలబడ్డాడు. అనకాపల్లి నుంచి మునగపాక దాకా సర్వీసు తిప్పుతాడు. బండి ఇంకా ఫైనాన్సులోనే ఉంది. రెండు వాయిదాలు తప్పిపోయాయి. మంగళవారం పొద్దుటికి కట్టకపోతే బండి తోలుకుపోతామని ఫైనాన్సు మనిషి మొన్న వీధిలో నిలబడి, పదిమందీ వినేలా చెప్పి వెళ్లాడు. బండి పోతే ఆ ఇంట్లో రోజుకూలీ కూడా పోయినట్టే. ఈ నెల పద్మ వంతు రావడం ఆ ఇద్దరికీ గండం గడిచినట్టయింది.

"ఇచ్చేడా?" అన్నాడు సూరిబాబు.

"ఇచ్చేడు."

"హమ్మయ్య. సోమారం నీది పడిపోతే మంగళారం ఆడి మొకాన కొట్టేత్తాను." అతనికి పట్టరాని సంతోషంగా ఉంది. దారిలో ఆపి బఠాణీలు కొన్నాడు. పద్మ అతని పక్కన ముందు సీట్లోనే ఇరుక్కుని కూర్చుంది. పొట్లం ఒళ్లో పెట్టుకుందే గానీ ఒక్కటీ నోట్లో వేసుకోలేదు.

"బావా, కాలవకి అడ్డంగా ఒకడు కూకుని, నీళ్లన్నీ ఆడి మడికి తోడేసుకుంటన్నాడనుకో. ఆ సంగతి తెలీక మనం కింద కూకుని వంతులేసుకుంటే ఆణ్ణి ఏటంటారు?"

"ఆణ్ణి కాదు, మనల్నంటారు ఎర్రోళ్లని," అన్నాడు సూరిబాబు, ఎదురొచ్చిన లారీకి దారిస్తూ. "ఇప్పుడు సెరుకు గొడవెందుకే?"

ఎందుకో పద్మ చెప్పలేదు. చెబితే అతను ఏమంటాడో ఆమెకి తెలుసు. నీ చెక్కు నువ్వు వేసుకో, లోకం సంగతి మనకెందుకంటాడు. అది తప్పని కూడా ఆమె అనలేదు.

శనివారం మధ్యాహ్నం అన్నాలకి కూర్చున్నప్పుడు చెప్పేసింది. షెడ్డు వెనక ఖాళీ గోతాలు పరుచుకుని, గిన్నెలు మధ్యలో పెట్టుకుని, ఒకరి కూర ఒకరు వేసుకుంటున్నారు. ధనరాజ్ అన్న మాటలు పొల్లుపోకుండా వినిపించింది.

"ఓలమ్మ! అయితే మన వంతులే ఆయనకి మేత అయిపోనాయా?" అంది అప్పలకొండమ్మ. వయసులో అందరికంటే పెద్దది. చేతిలో ముద్ద అలాగే ఉంది. "పోయిన సంక్రాంతికిచ్చిన సెక్కు నా వంతొచ్చేసరికి గడువు దాటిపోనాది. బ్యాంకోడు సూసి ఇది సచ్చిపోయిన సెక్కమ్మా అన్నాడు. మళ్లీ ఆయన కాళ్లా ఏళ్లా పడి కొత్తది రాయించుకున్నాను. అది నా కర్మ అనుకున్నాను గానీ..."

"మనం ఇద్దరివే ఏత్తన్నాం కాబట్టి ఆయన ఇద్దరికే డబ్బులేత్తన్నాడు," అంది పద్మ. "మిగిలింది పాయకరావుపేట షెడ్డుకి పోతంది. సోమారం అందరివీ ఏసేద్దాం. ఒకే రోజు."

"ఏత్తే తిరిగొత్తాయి కదక్కా," అంది సుప్రియ. చేరి మూణ్నెల్లయింది, ఇంతవరకూ ఆమెకి వంతే రాలేదు.

"రానీ. లోను పెంచుతారని మొన్న బ్యాంకోళ్లొచ్చి షెడ్డంతా సూసెళ్లేరు కదేటి? ఒక్కరోజులో ఇన్ని సెక్కులు తిరిగొత్తే ఆయన్ని పిలిచి అడగరా? ఇన్నాళ్లూ ఆయన బదులు మనకి మనమే సర్దిసెప్పుకుంటన్నాం. ఇక ఆయన్నే సెప్పుకోనీ."

"మన అకౌంట్లో కోసేది ఎవడిత్తాడు? నువ్విత్తావా?" అప్పలనర్సమ్మ గిన్నె మూత గట్టిగా పెట్టింది. "ఈ నెల నాదీ నీదీ వంతు. మూడు నెలల్నుంచి కాసుకు కూకున్నాను. నీ వంతు నీకొద్దంటే మానుకోయే, నా నోటికాడ కూడు లాగుతావేటి? ఈ వంతులు పెట్టిందెవరు? నువ్వు కాదేటి?"

ఆ మాట పద్మకి సూటిగా తగిలింది. "నానే," అంది. "నానే పెట్టేను. అందుకే సెప్తన్నాను."

"బాగుంది! నీకు తోసినప్పుడు పెడతావు, తోసినప్పుడు తీసేత్తావు. మాకు బుర్ర లేదేటి?" అంటూ నర్సమ్మ లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లిపోయింది. మిగతావాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కుమారి అనే పిల్ల, ఎప్పుడూ నోరెత్తనిది, "మీది కూడా ఏత్తారా వదినా, మాతో పాటు?" అనడిగింది.

"నాదీ ఏత్తాను."

"మరి మీ ఆటో?"

ఊళ్లో ఫైనాన్సు మనిషి అరిచిన అరుపులు కుమారి ఇంటిదాకా వినపడ్డాయి మరి. అప్పలకొండమ్మ చేతిలో ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, "సోమారం పొద్దున్న నా సెక్కు నీకిత్తాను, నువ్వే ఏసేయే," అంది. ఆ తర్వాత ఒక్కొక్కరే తలూపారు.

సోమవారం చెక్కులన్నీ బ్యాగులో పెట్టుకుని పద్మ బ్యాంకు తలుపులు తీసేవేళకి వెళ్లింది. లోపల అడుగుపెట్టేసరికి, చెక్కులు వేసే పెట్టె దగ్గర అప్పలనర్సమ్మ ఉంది. స్లిప్పు రాయించుకుని, చెక్కుకి గుండుసూది గుచ్చి పెట్టెలో పడేసి, వెనక్కి తిరిగి పద్మని చూసింది. మొహంలో రంగు మారింది.

"నువ్వు నన్ను సూడలేదనుకో," అంది గబగబా. "నా కొడుకు కాలేజీ బస్సు డబ్బులే. ఆడు వారం నుంచి నడిసెళ్తన్నాడు."

పద్మ పక్కకి తప్పుకుని ఆమెకి దారిచ్చింది.

తర్వాత తనూ బల్ల దగ్గర కూర్చుని ఒక్కొక్క స్లిప్పూ నింపింది. ఇప్పుడు చెక్కు పొద్దున్న వేస్తే సాయంత్రానికల్లా తేలిపోతోంది. ఖాతాలో ఇద్దరి డబ్బుంది. నర్సమ్మది వెళ్లిపోయింది. ఇప్పుడు తనదొక్కటే వేసి, మిగతావి ఎల్లుండి వేస్తే? ఎవరికి తెలుస్తుంది? రద్దీగా ఉంది, కౌంటరు మూసేశారు, ఏదైనా చెప్పొచ్చు. ఆటో ఉంటుంది. నిజం చెప్పాలంటే పద్మ తన చెక్కుని కట్టలోంచి తీసి విడిగా పట్టుకుంది. పెట్టె గాడి దాకా తీసుకెళ్లింది. అక్కడ నిలబడితే "మీది కూడా ఏత్తారా" అని కుమారి అడిగిన మాట గుర్తొచ్చి ఆమెకి తన మీద తనకే కోపం వచ్చింది. చెక్కులన్నీ ఒక్కటి చేసి, గాడిలో పట్టకపోతే రెండుసార్లుగా తోసి, వెనక్కి చూడకుండా బయటికొచ్చేసింది.

ఫోన్లు టేబులు సొరుగులో పెట్టాలని రూలు. సాయంత్రం పని దిగాక సొరుగు తీసి, గేటు బయట గుంపుగా నిలబడి మెసేజీలు చూసుకున్నారు. నర్సమ్మకి పడింది. సుప్రియకీ, ఇంకొకామెకీ పడింది, వాళ్లవి చిన్న జీతాలు. మిగతా అందరివీ తిరిగొచ్చాయి. పద్మదీ తిరిగొచ్చింది. తిరిగొచ్చినందుకు కోసిన డబ్బుల మెసేజీ దాని కిందే ఉంది.

ఇంకా ఎవరూ కదలకముందే పద్మ ఫోను మోగింది.

"ఏం పనిది పద్మా?" అన్నాడు ధనరాజ్. అది కోపమో భయమో తెలియలేదు. "బ్యాంకు మేనేజరు నన్ను పిలిచి ముందు నిలబెట్టాడు. రేపు లోను ఫైలు పైకి వెళ్లాల్సింది. ఇన్ని చెక్కులు ఒకే రోజు రిటర్నయితే ఎలా ఇస్తామయ్యా అన్నాడు. నీకోసం విడిగా వేసి ఉంచాను కదా! నీది నీకు పడిపోయేది!"

"తెలుసండి."

"తెలిసి చేశావా?"

"అవునండి."

"పొద్దున్నే లారీ వస్తుంది. హైదరాబాద్ లోడు. అది పూర్తి చెయ్యండి, తర్వాత మాట్లాడుకుందాం," అని పెట్టేశాడు.

రాత్రి అన్నం పెడుతూ పద్మ మొగుడికి అంతా చెప్పింది. సూరిబాబు అన్నం కలిపినవాడు కలిపినట్టే ఆగిపోయాడు. "డబ్బులు కాతాలో ఉండగా, నీ సేతిలో సెక్కుండగా, తిరగగొట్టుకొచ్చేవా? బుద్ధుందా నీకు?" అన్నాడు. "నన్నొక మాట అడగాలనిపించలేదేటి?" అన్నాడు మళ్లీ. అది మాత్రం ఆమెకి నొప్పి పుట్టించింది, ఎందుకంటే అడగాలనిపించలేదు. అడిగితే వద్దంటాడని అడగలేదు.

మంగళవారం పొద్దున్న ఫైనాన్సు మనిషి అన్నమాట తప్పకుండా వచ్చాడు. వెంట ఒక డ్రైవర్ని కూడా తెచ్చుకున్నాడు. సూరిబాబు సీటు కింద ఉన్న తువ్వాలూ మంచినీళ్ల సీసా తీసుకుని తాళం ఇచ్చేశాడు. బండి మలుపు తిరిగేదాకా అరుగు మీద కూర్చుని చూశాడు. తర్వాత లేచి చొక్కా తొడుక్కుని, "పద, బస్సుస్టాపు దాకా వత్తాను," అన్నాడు. దారిలో ఒక్క మాటే అన్నాడు. "ఇంత సేసేక మద్దెలో ఒగ్గీకు."

షెడ్డు ముందు లారీ నిలబడి ఉంది. లోపల ఎవరూ టోపీలు పెట్టుకోలేదు. డబ్బులిచ్చేదాకా పని ముట్టుకోకూడదని గోడ వారగా గోతాల మీద కూర్చుని ఉన్నారు. సీలింగు మిషను చల్లగా ఉంది. బెల్లం పొడి డబ్బాల మూతలు వేసే ఉన్నాయి. పద్మ వెళ్లి వాళ్ల పక్కన కూర్చుంది. సుప్రియా, డబ్బు పడిన ఇంకొకామే కూడా అక్కడే ఉన్నారు. నర్సమ్మ ఇంకా రాలేదు.

ఆమె ఆలస్యంగా వచ్చింది. ఎవరి వైపూ చూడకుండా తిన్నగా వెళ్లి టోపీ పెట్టుకుని, తొడుగులు వేసుకుని, ఒక అట్టపెట్టె మడిచి టేపు వేసింది. ఇంకోటి మడిచింది. అందులో పెట్టడానికి ప్యాకెట్లు లేవు, తూచి ఇచ్చేవాళ్లూ లేరు, మూతి అంటించేవాళ్లూ లేరు. ఖాళీ పెట్టెలు రెండూ ముందు పెట్టుకుని కాసేపు నిలబడింది.

అప్పుడే ధనరాజ్ కారు దిగి లోపలికొచ్చాడు. గుంపు వైపు చూసి పళ్లు కొరికాడు గానీ, నిలబడి ఉన్న మనిషిని చూసి మొహం కాస్త విప్పారింది. "ఈవిడ చూడండి, చక్కగా పని మొదలుపెట్టింది," అన్నాడు. "ఏమ్మా, నీకు నిన్న పడ్డాయి కదా?"

"పడ్డాయి బాబూ," అంది నర్సమ్మ.

"మరింకేం?"

నర్సమ్మ తొడుగులు విప్పి పెట్టె మీద పెట్టింది. "అదే సిగ్గుగా ఉంది బాబూ," అంటూ వెళ్లి పద్మ పక్కన చోటు చేసుకుని కూర్చుంది. ఆమె భుజం తగిలితే పద్మకి ఏడుపొచ్చింది, ఆపుకుంది.

ధనరాజ్ అరిచాడు. మీ జీవితాలు నిలబెట్టింది నేనన్నాడు. మా నాన్న పేరు చెబితే బెల్లం మార్కెట్లో లక్షలు అప్పు పుడుతుందన్నాడు. "అయితే తెండి బాబూ," అంది అప్పలకొండమ్మ. ఆమె వెటకారానికి అనలేదు, మామూలుగానే అంది. ఎవరో నవ్వారు. లారీ డ్రైవరు గుమ్మంలోకి తొంగిచూసి, "సార్, ఎంతసేపండీ? నాకు ఎదర ఇంకో లోడుంది," అన్నాడు. ధనరాజ్ కారెక్కి వెళ్లిపోయాడు.

ఆయన మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. చేతిలో గుడ్డసంచి ఉంది. తిన్నగా పద్మ దగ్గరకి వచ్చి, సంచిని ప్యాకింగు బల్ల మీద పెట్టి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"మా బావమరిదిని బతిమాలి తెచ్చాను. ఇవి సగంమందికొస్తాయి. మిగతావాళ్లకి వచ్చే వారం, ఒట్టు. ఎవరికిస్తావో, ఎవర్ని ఆపుతావో నువ్వే చూసుకో. నీకైతే వాళ్ల అవసరాలు తెలుసు, నీ మాట వింటారు. ముందు నీది నువ్వు తీసుకో. నీ ఆటో తోలుకుపోయారట కదా, ఇందాక విన్నాను. పాపం, వెళ్లి విడిపించుకో."

చివరి మాట మనసులోంచే వచ్చింది. ఆ మాటకొస్తే ధనరాజ్ మరీ చెడ్డవాడేం కాదు. పద్మ సంచి వైపు చూసింది. మూతి దగ్గర నోట్లు కనిపిస్తున్నాయి. సాయంత్రంలోగా కట్టేస్తే బండి ఊళ్లోనే ఉంటుంది, రేపటికి విశాఖపట్నం యార్డుకి తీసుకుపోతారు. సూరిబాబు తువ్వాలు భుజాన వేసుకుని ఏ అరుగు మీద కూర్చున్నాడో. అందరూ ఆమె చేతుల వైపే చూస్తున్నారు.

ఆమె సంచిని ఒక్క వేలితో ఆయన వైపు జరిపింది.

"వంతులెయ్యడం మానేసేనండి. మీరే ఇవ్వండి."

"అదేంటి? ఎప్పుడూ నువ్వే కదా..."

"అవునండి. ఇన్నాళ్లూ లేవని సెప్పే పని నాది. మీరెప్పుడూ సెప్పలేదు. ఇయ్యాళ ఒకొక్కల మొగం సూసి మీరే సెప్పండి."

అప్పలకొండమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి వచ్చి ఆయన ముందు నిలబడింది. మిగతావాళ్లు ఆమె వెనక వరస కట్టారు. నిన్న డబ్బు పడినవాళ్లు వరసలోకి రాలేదు, గోడ దగ్గరే లేచి నిలబడ్డారు. పద్మ వెళ్లి అందరికంటే వెనక నిలబడింది.

ధనరాజ్ సంచిలో చెయ్యి పెట్టి అప్పలకొండమ్మ వైపు చూశాడు. తలెత్తి, వరస చివరనున్న పద్మ వైపు చూశాడు. "ఈవిడ పేరు...?" అన్నాడు.

పద్మ చెప్పలేదు.

"అప్పలకొండమ్మ బాబూ," అంది ముసలామె. "మీ నాన్నగారి కొట్లో కూడా పనిసేసేను."

ఆయన నోట్లు లెక్కపెట్టడంలో తడబడి మళ్లీ మొదలుపెట్టాడు. ఆమె తీసుకుని కళ్లకద్దుకుని పక్కకి తప్పుకుంది. తర్వాతి ఆమె తన పేరు చెప్పింది, తీసుకుంది. ఆ వెనకామె చెప్పింది, తీసుకుంది. కుమారి వచ్చేసరికి సంచి అడుగు కనిపించింది. "కుమారండి," అని చెయ్యి చాపింది ఆ పిల్ల. ఎప్పుడూ నోరెత్తని మనిషి గొంతు షెడ్డంతా వినిపించింది.

ధనరాజ్ ఖాళీ సంచి మడతపెట్టాడు, విప్పాడు, మళ్లీ మడతపెట్టాడు. ఆమె మొహంలోకి చూడక తప్పలేదు. "లేవమ్మా," అన్నాడు. మళ్లీ అన్నాడు, "నీకివ్వడానికి లేవు."

కుమారి కదల్లేదు. చాపిన చెయ్యి దించనూ లేదు. వెనకనున్నామె వచ్చి ఆమె పక్కనే నిలబడి తన పేరు చెప్పి చెయ్యి చాపింది. ఆమెకీ చెప్పాడు. ఈసారి ఇంకా చిన్నగా చెప్పాడు.

ఆఖరికి పద్మ వచ్చింది. బెల్లం పొడి ఇంకిన చేతిని ఆయన ముందు చాపింది.

"పద్మకుమారండి," అంది.

బయట లారీ హారను మోగింది. ధనరాజ్ ఆ మూడు చేతుల వైపూ చూస్తూ నిలబడి, చివరికి జేబులోంచి ఫోను తీశాడు. "బావా, ఇంకొంచెం సర్దాలి," అన్నాడు. "కాదు బావా, వచ్చే వారం కాదు. ఇప్పుడే. వీళ్లు నా ఎదురుగానే ఉన్నారు."